చివరింటి వంతు

మా నీళ్ళ ఆఫీసు పని చూసి నేర్చుకోవడానికి వేరే దేశం నుంచి ఒకావిడ వస్తోందని ఇంజనీరు గారు చెప్పినప్పుడు నేను జీపు అద్దం తుడుస్తున్నాను. చేతిలో గుడ్డ అక్కడే ఆగిపోయింది. మా ఆఫీసును చూసి జనం తిడతారు, ఏడుస్తారు, కొందరు దణ్ణం పెట్టి వెళ్ళిపోతారు. నేర్చుకుంటామని వచ్చినవాళ్ళను మాత్రం నేనెరగను.

"నేర్చుకోడానికా సార్? మన దగ్గరా?"

"ఏం, మన దగ్గర నేర్చుకోకూడదా? వంతుల పథకం గురించి నేను రాసింది వాళ్ళ దేశంలో చదివారు. చదివి మెచ్చుకున్నారు. కళ్ళారా చూస్తామంటున్నారు."

"మెచ్చుకుంటే ఓ ఉత్తరం రాసి ఊరుకుంటారు గానీ, విమానం ఎక్కి మనిషే వస్తుందా సార్?"

ఇంజనీరు గారు అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "నా అనుమానమూ అదే. పథకానికి అప్పిచ్చినవాళ్ళు పంపిన మనిషేమో. తనిఖీ అంటే ముందే సర్దుకుంటామని, నేర్చుకుంటామన్న వంక పెట్టుకుని వస్తున్నారేమో. అందుకే చెప్తున్నా. చూపించేది మీ సందే. ఎక్కడా తేడా రాకూడదు."

అని రెండడుగులు వేసి, ఏదో ఇప్పుడే గుర్తొచ్చినట్టు వెనక్కి తిరిగాడు. "అన్నట్టు కాంట్రాక్టు డ్రైవర్ల కొత్త లిస్టు నా బల్ల మీదికి వచ్చింది. ఇంకా సంతకం పెట్టలేదు."

ఆ 'అన్నట్టు' ఎందుకు వచ్చిందో అర్థం చేసుకోవడానికి పెద్ద చదువులు అక్కర్లేదు. నేను చదివింది ఏడో తరగతి. అది చాలు.

వంతుల పథకం అంటే ఏమిటో చెప్పాలి. పెద్ద రోడ్డు కింద పెద్ద పైపు ఉంది. ఒక్కో సందు మొదట్లో ఒక్కో వాల్వు. దాన్ని తిప్పడానికి నడుమెత్తు ఇనుప రాడ్డు. పూర్వం ఆ రాడ్డు ఆఫీసు మనిషి దగ్గర ఉండేది. వాడు వస్తే నీళ్ళు, రాకపోతే లేవు. తరవాత మా ఆఫీసు పెద్దలు కొందరు ఎక్కడో దేశం వెళ్ళారు. అక్కడ రాడ్డు సందులో వాళ్ళకే వదిలేస్తారట. ఇంటికో రోజు చొప్పున వంతులవారీగా తిప్పుకుంటారట. చూసొచ్చింది చూసినట్టే తెచ్చి ఇక్కడ పెట్టారు. తెల్లవారుతుండగా పెద్ద పైపులోకి నీళ్ళు వదులుతారు. వంతు ఉన్నవాళ్ళు తమ సందు వాల్వు తెరవాలి, సందంతా పట్టుకున్నాక మూసేయాలి. మూస్తేనే పక్క సందుకి ఎక్కుతాయి. వింటేనే కడుపు నిండిపోతుంది.

అయితే మా సందు ఎక్కుడు సందు. రోడ్డు దగ్గర మొదలై మెట్లు మెట్లుగా పైకి పోతుంది. మొదటి ఇల్లు రిటైరైన హెడ్మాస్టరు గారిది. కొసన, అందరికంటే ఎత్తున ఉన్నది మాది. కింద వాళ్ళ వంతు వచ్చిన రోజున వాళ్ళ డ్రమ్ములు నిండగానే వాల్వు మూతపడేది. తమ డ్రమ్ము నిండితే లోకంలో డ్రమ్ములన్నీ నిండినట్టే లెక్క. మా కొళాయిలో గాలి వచ్చేది. తిరగేసి ఊదితే ఈల వేసుకోవచ్చు. పైన ఉన్న ఇళ్ళవాళ్ళు కిందికి దిగి కొట్లాడేవాళ్ళు. బకెట్లు పగిలాయి, మాటలు పోయాయి, పిల్లలు కలిసి ఆడుకోవడం మానేశారు.

అలాంటి రోజుల్లో మా వంతు వచ్చింది. నా పెళ్ళాం రాడ్డు ఇంటికి తెచ్చుకుంది. మర్నాడు పక్కింటివాళ్ళు అడిగితే ఇవ్వనంది.

"ఇవ్వనంటే ఎలా అమ్మాయ్? పద్ధతి ఒకటుంటుంది కదా!" అని హెడ్మాస్టరు గారు మా గుమ్మంలో నిలబడి పాఠం చెప్పాడు.

"పద్ధతి మీ కొళాయిలో వస్తోంది మాస్టారూ. నాకు నీళ్ళు కావాలి."

పొద్దున్నే దిగి వాల్వు తెరిచేది. మెట్లెక్కి వచ్చి మా కొళాయి ముందు పీట వేసుకుని కూర్చునేది. మా డ్రమ్ము నిండాక మళ్ళీ దిగి మూసేది. మా దాకా రావాలంటే నీళ్ళు సందంతా తడుపుకుంటూ రావాలి కదా. అందరికీ వచ్చాయి. ఇదేదో త్యాగం అనుకోకండి. నా పెళ్ళాం తన నీళ్ళ కోసమే చేసింది. రేపు మా ఇల్లు సందు మొదట్లోకి మారితే అందరికంటే ముందు వాల్వు మూసేది తనే అని నా నమ్మకం. ఏమైతేనేం, తిట్టినవాళ్ళు తిట్టడం మానేశారు. ఊళ్ళో గొడవ లేని సందు మాది ఒక్కటే మిగిలింది. ఇంజనీరు గారు దాని గురించి రాసి పైవాళ్ళ చేత శాలువా కప్పించుకున్నాడు.

ఆయన రాసింది మాత్రం వంతుల గురించే. సందు మొదట్లో ఒక బోర్డు ఉంది. దాని మీద ఇంటి నంబర్లు, ప్రతి నంబరు కింద ఓ చిల్లు. ఇవాళ ఎవరి వంతో తెలిసేలా చిల్లులో మేకు గుచ్చాలి. ఆ మేకును హెడ్మాస్టరు గారు రోజూ పొద్దున్నే స్నానం చేసి మరీ మార్చేవాడు. మేకు సందంతా తిరిగేది, రాడ్డు మా ఇంట్లోనే ఉండేది. ఎవరైనా చూడ్డానికి వస్తున్నారంటే ముందు రోజు రాడ్డును హెడ్మాస్టరు గారింట్లో పెట్టేవాళ్ళం. ఇంజనీరు గారికి ఈ సంగతి తెలియదంటే నేను నమ్మను. తెలిసినట్టు ఆయనెప్పుడూ ఒప్పుకోలేదు, అంతే.

ఆ సాయంత్రం ఇంట్లో చెప్పాను.

"మళ్ళీనా? ఆ రాడ్డుకి హెడ్మాస్టరు గారిల్లు పుట్టిల్లయిపోయింది" అంది నా పెళ్ళాం.

"వేళాకోళం కాదే. ఈసారి వచ్చేది మామూలు మనిషి కాదు. ఇంజనీరు గారికే భయంగా ఉంది. నా పేరు ఆయన సంతకం కింద ఉంది."

"ఆవిడ ఇంతపైకి రాదుగా?"

"ఎందుకొస్తుంది? హెడ్మాస్టరు గారింట్లో కూర్చోబెడతారు, నాలుగు ఫోటోలు తీస్తారు. ఒకవేళ వచ్చి అడిగినా వంతులవారీగా తిప్పుకుంటున్నామని చెప్పు."

"చెప్తాలెండి. చిలకపలుకులేగా" అని కూర తరుక్కుంటూ ఉండిపోయింది. ఆ 'చెప్తాలెండి' నాకు నచ్చలేదు. అంత తేలిగ్గా ఒప్పుకునే మనిషి కాదు.

వచ్చినావిడ పొడుగ్గా ఉంది. నలిగిన చొక్కా, బురద ఎండిన బూట్లు. చదువుకున్న పెద్ద మనిషి కట్టుకోవాల్సిన బట్టలు కావవి. నా అనుమానం ఇంకా పెరిగింది. మామూలు మనిషిలా కనపడాలని వేసుకుని వచ్చిందని అనుకున్నాను. ఆవిడ మాటలు మాకూ, మా మాటలు ఆవిడకీ చెప్పడానికి ఇంజనీరు గారి తోడల్లుణ్ణి కుదిర్చారు. ట్యుటోరియల్ కాలేజీలో పాఠాలు చెప్పుకుంటాడు, ఆవిడ దేశంలో కొన్నాళ్ళు ఉండి వచ్చాడు. నేను ఆయనకి దుబాసీ అని పేరు పెట్టుకున్నాను. మెత్తటి మనిషి. తోడల్లుడి వైపు చూడందే తుమ్మడు కూడా.

జీపు ఎక్కిన దగ్గర్నుంచీ ఆవిడ ఆరాలే ఆరాలు. ట్యాంకరు దగ్గర ఆపమంది. దిగి, వరసలో నిలబడ్డ ఆడవాళ్ళ బకెట్లు చూసింది. ఒక సందు మొదట్లో వాల్వు గుంటలోకి వంగి చెయ్యి పెట్టి తడి చూసింది. పథకం చూడ్డానికి వచ్చిన మనిషికి గుంటలతో ఏం పని? ఇంజనీరు గారు నా పక్క సీట్లోంచి నన్ను మోకాలితో పొడిచాడు. వేగంగా పోనిమ్మని. పోనిచ్చాను.

"నీ ఇల్లు ఎక్కడని అడుగుతోంది" అన్నాడు దుబాసీ నాతో.

"ఇక్కడే, దగ్గర్లోనే అని చెప్పండి."

"దగ్గర్లోనే అంటే ఎక్కడా అంటోంది."

"డ్రైవరుకు ఇల్లెక్కడండీ, జీపే ఇల్లని చెప్పండి" అన్నాను. ఆయన చెప్పాడు. ఆవిడ నవ్వలేదు. అద్దంలో నన్ను చూస్తూ కూర్చుంది.

హెడ్మాస్టరు గారింట్లో సోఫాకి కొత్త గలీబులు వేశారు. రాడ్డును నూనె గుడ్డతో తుడిచి గోడకి ఆనించారు. హెడ్మాస్టరు గారి భార్య చేతులు కట్టుకుని పాఠంలా అప్పజెప్పింది. వంతులవారీగా తిప్పుకుంటామనీ, మాటా మాటా అనుకోమనీ, అందరం ఒక్క కుటుంబమనీ. దుబాసీ చెప్పింది చెప్పినట్టు ఆవిడకి అందించాడు. ఆవిడ వింది. రాడ్డు చేత్తో పట్టుకుని బరువు చూసింది. బయట బోర్డు మీద ఇవాళ ఈ ఇంటి వంతే ఉంది కదా, కొంచెం వాల్వు తిప్పి చూపిస్తారా అని అడిగింది.

హెడ్మాస్టరు గారి భార్య మొగుడి వైపు చూసింది. "నాకు నడుం పట్టేసింది. మీరు చూపించండి."

ఆయన రాడ్డు మోసుకుని గుంట దగ్గరికి వెళ్ళాడు. నోరు తిరిగినంతగా ఆయన చేతులు తిరగవు. రాడ్డు మూతిని వాల్వు తలకి తగిలించడానికే చెమటలు పట్టాయి. తగిలించాక, అప్పటికే మూసి ఉన్న వాల్వును ఇంకా మూసేవైపు తిప్పడం మొదలెట్టాడు. కళ్ళద్దాలు ముక్కు చివరికి జారాయి. వాల్వు కదల్లేదు.

"ఇవాళ కాస్త బిగుసుకున్నట్టుంది" అన్నాడు.

"అటు కాదండీ" అని నా నోటిదాకా వచ్చింది. మింగేశాను.

ఆవిడ తలెత్తి మెట్ల వైపు చూసి దుబాసీని ఏదో అడిగింది.

"చివరి ఇల్లు చూపించమంటోంది" అన్నాడు దుబాసీ.

"చాలా మెట్లున్నాయని చెప్పు. ఎండగా ఉందని చెప్పు. అక్కడ చూడ్డానికి ఏమీ లేదని చెప్పు" అన్నాడు ఇంజనీరు గారు వరసగా. ఆయన మూడోది చెప్పేసరికి ఆవిడ మెట్లెక్కేస్తోంది.

ఇంజనీరు గారు భారీ మనిషి. సగం దూరం ఎక్కి ఆయాసంతో ఒక అరుగు మీద కూలబడ్డాడు. "నువ్వు వెంటే ఉండు. మీ ఆవిడకి చెప్పావుగా?" అన్నాడు నాతో.

"చెప్పాను సార్."

"చెప్పింది చెప్పినట్టు ఉండాలి. లిస్టు గుర్తుంది కదా?"

నేను వాళ్ళ వెనక పరిగెత్తాను. ఆవిడ దారిలో ప్రతి గుమ్మం ముందూ ఆగి, నీళ్ళ డ్రమ్ముల వైపు తొంగి చూస్తోంది. మా ఇంటికి చేరేసరికి నా పెళ్ళాం గిన్నెలు తోముతోంది. చేతులు చీరకొంగుకు తుడుచుకుని లోపలికి రమ్మంది. కుర్చీ ఒకటే ఉంటే అది వేసింది. ఆవిడ కూర్చోలేదు. కొళాయి దగ్గర పీట మీద కూర్చుంది. నా పెళ్ళాం రోజూ కూర్చునే పీట.

"ఇవాళ వాల్వు ఎవరు తెరిచారని అడుగుతోంది" అన్నాడు దుబాసీ.

"ఎవరి వంతైతే వాళ్ళు" అంది నా పెళ్ళాం.

"నిన్న?"

"నిన్న వంతు ఎవరిదో వాళ్ళు."

"ఇబ్బందులేమీ రావా అంటోంది."

"ఏం రావు. అంతా ఒక్క కుటుంబం" అంది నా పెళ్ళాం గోడకేసి చూస్తూ. నా ప్రాణం కుదుటపడింది.

ఆవిడ మొహం మాత్రం ఒక్కసారిగా వాడిపోయింది. చేతులు ఒళ్ళో పెట్టుకుని మాట్లాడటం మొదలెట్టింది. చాలాసేపు మాట్లాడింది. మధ్యలో ఆగింది. మా కొళాయి చూపించింది, సందు చూపించింది, మోచెయ్యి పట్టుకుని ఏదో విరిగినట్టు చేసి చూపించింది. గొంతు బొంగురుపోయింది. దుబాసీ తల దించుకుని విన్నాడు. అయిపోయాక మా వైపు తిరిగి, "చాలా సంతోషం అంటోంది" అన్నాడు.

నా పెళ్ళాం ఆయన్ని ఎగాదిగా చూసింది. "ఆవిడ అంతసేపు మాట్లాడితే అదా అన్నయ్యగారూ? సంతోషం చెప్పడానికి ఎవరైనా ఏడుస్తారా?"

"అంటే... ముఖ్యంగా అదే."

"ముఖ్యం కానిది చెప్పండి."

దుబాసీ నీళ్ళు నమిలాడు. గుమ్మంలోంచి కిందికి చూశాడు. తోడల్లుడు కనపడలేదు. "నేను చెప్పానని అనకమ్మా" అని మెల్లగా మొదలెట్టాడు.

ఆవిడ ఊళ్ళో మా ఇంజనీరు గారు రాసింది చదివి అంతా అలాగే చేశారట. రాడ్డు, బోర్డు, మేకు, అన్నీ. అది కూడా గుట్టల మీది ఊరట. మొదట్లో పండగలా ఉందట. తరవాత చివరి ఇళ్ళకి నీళ్ళందడం ఆగిపోయిందట. ఒక సందులో చివరింటావిడ ఓపిక పట్టి పట్టి, గడ్డపార తీసుకుని కిందికి దిగిందట. మొదటింటివాళ్ళు అడ్డం పడ్డారట. తోపులాటలో ఆవిడ చెయ్యి విరిగింది. ఇప్పుడు ఆ ఊరి పెద్దలు పథకం ఎత్తేసి నీళ్ళు ట్యాంకర్లవాళ్ళకి అప్పజెబుదామంటున్నారట. ఆ పథకం తెచ్చి పెట్టింది ఈవిడే. చివరి ప్రయత్నంగా ఇక్కడ చూసొస్తానని గడువు అడిగి వచ్చిందట. "మీ దగ్గర నిలబడింది మా దగ్గర ఎందుకు కూలిపోయిందో తెలుసుకుందామని వస్తే, రాసిందే అందరూ మళ్ళీ నాకు అప్పజెబుతున్నారు. రాసింది నేను ఇంట్లో కూర్చునే చదువుకున్నాను కదా అంటోంది" అన్నాడు దుబాసీ.

నా పెళ్ళాం నా వైపు చూసింది. నేను వద్దని కళ్ళతోనే చెప్పాను. ఏడుపు చూసి మోసపోయే వయసు కాదు మనది. తనిఖీకి వచ్చేవాళ్ళకి ఇలాంటి కథలు కూడా నేర్పించి పంపుతారేమో ఎవరికి తెలుసు? ఎక్కడో ఎవరికో చెయ్యి విరిగిందంటే మనం చూసొచ్చామా? నా పేరు మీద సంతకం లేకపోతే మాత్రం రేపు ఈ ఇంట్లో ఏం జరుగుతుందో నాకు బాగా తెలుసు.

"చివరింటావిడకా విరిగింది?" అంది నా పెళ్ళాం.

"అవునమ్మా."

"కుడి చెయ్యా, ఎడమ చెయ్యా?"

దుబాసీ అడిగి చెప్పాడు. "కుడి."

"అయ్యో, బిందె ఎత్తేదెలా మరి" అని గొణుక్కుంది. తరవాత నా వైపు చూడకుండా చెప్పేసింది. "ఇక్కడ వంతులూ లేవు, గింతులూ లేవు. ఆ రాడ్డు నా దగ్గరే ఉంటుంది. నా డ్రమ్ము నిండితేనే మూస్తాను. అంతే. ఇందులో ఏమీ లేదని చెప్పండి."

దుబాసీ ఆ మాటలు ఆవిడకి చెప్పాడు. ఆవిడ ముందు అర్థం కానట్టు చూసింది. కొళాయి చూసింది, గుమ్మంలోంచి కింద రోడ్డు దాకా మెట్లన్నీ చూసింది. చప్పున లేచి నిలబడి నుదురు కొట్టుకుంది. అప్పుడు నవ్వింది, వచ్చాక మొదటిసారి.

సరిగ్గా అప్పుడే ఇంజనీరు గారు రొప్పుతూ గుమ్మంలోకి వచ్చాడు. ఆవిడ నవ్వు చూశాడు, నా మొహం చూశాడు. ఆయనకి ఇంకొకళ్ళు చెప్పక్కర్లేదు.

"ఏమ్మా, ఇవాళ వంతు మీ ఇంటిదని చెప్తున్నావా? బోర్డు మీద హెడ్మాస్టరు గారి నంబరు ఉంది మరి. మేకు మార్చడం మరిచిపోయారా?" అన్నాడు నవ్వుతూ. ఆ నవ్వులో దారి ఉంది. అవునండీ, మరిచిపోయారు అని ఒక్క ముక్క అంటే అందరం అందులోంచి బయటపడొచ్చు. నేను నా పెళ్ళాం చెయ్యి గిల్లాను కూడా.

"ఎప్పుడూ నా వంతే సార్. మీకు తెలియదూ?" అంది.

ఇంజనీరు గారి నవ్వు మొహం మీదే ఉంది గానీ కళ్ళలోంచి దిగిపోయింది.

ఆవిణ్ణి బసలో దింపి వస్తుంటే జీపులో ఇద్దరమే ఉన్నాం. "మీ ఆవిడ బాగా మాట్లాడిందయ్యా" అన్నాడు ఆయన. "ధైర్యం గల మనిషి." తిట్టినా నాకంత భయం వేసేది కాదు.

కొత్త లిస్టు గోడకి అంటించారు. అందులో నేను లేను. లోపలికి వెళ్ళి అడిగితే "నా చేతుల్లో ఏముందయ్యా, పైనుంచి తగ్గించమన్నారు" అన్నాడు. పైనుంచి తగ్గించమన్నది ఒక్క నన్నేనా అని అడగలేదు. జీపు తాళాలు బల్ల మీద పెట్టి వచ్చేశాను. అది కాక ఒక ఆఫీసు మనిషిని మా సందు మీద కాపలా వేశారు. మేకు ఎక్కడుంటే రాడ్డు అక్కడ ఉండాలి. ఆవిడ వెళ్ళి అక్కడ ఏం చెబుతుందో తెలియదు కాబట్టి, ఇక్కడ పని మాత్రం రాసినది రాసినట్టు జరగాలని ఇంజనీరు గారి ఆర్డరు.

నా పెళ్ళాం రాడ్డు ఇచ్చేసింది. మా కొళాయిలోకి మళ్ళీ గాలి వచ్చింది. పై ఇళ్ళవాళ్ళు మళ్ళీ కిందికి దిగి కొట్లాడటం మొదలెట్టారు. నేను ఒక సామాన్ల కొట్టువాడి దగ్గర వ్యాను తోలే పనిలో కుదిరాను. వాడు గంటకోసారి ఫోను చేసి ఎక్కడున్నావంటాడు. సాయంత్రం ఇంటికి వస్తే నా పెళ్ళాం ట్యాంకరు దగ్గర్నుంచి బిందె చంకలో, బకెట్టు చేతిలో పెట్టుకుని మెట్లెక్కుతూ కనపడేది.

"నిజం చెప్పావుగా. మోయి" అనేవాణ్ణి.

"మోస్తున్నాగా. ఆ బకెట్టు అందుకోండి ముందు" అనేది.

కొన్ని నెలలకి దుబాసీ మా గుమ్మంలో నిలబడ్డాడు. ఒళ్ళంతా చెమట. లోపలికి రావడానికి మొహమాటపడుతున్నాడు. ఇంజనీరు గారే పంపించి ఉంటాడని, ఇంకేం మిగిలిందని తీసుకుపోవడానికి వచ్చాడో అని నేను లేవలేదు. నా పెళ్ళాం కుర్చీ వేసింది.

"నేను వచ్చినట్టు ఆయనకి తెలియదమ్మా" అన్నాడు. "నీకు చెప్పకుండా ఉండలేకపోయాను. ఆవిడ ఊళ్ళో పద్ధతి మార్చారు. వంతులు తీసేశారు. ప్రతి సందులోనూ చివరింటివాళ్ళకే రాడ్డు. గొడవలు ఆగిపోయాయి. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు కూడా అదే పెట్టుకుంటున్నారట."

"మంచిదేగా" అంది నా పెళ్ళాం.

"మంచిదే. అది పేపర్లో పడింది. మన పైవాళ్ళు చూశారు. అక్కడ అంత బాగా ఎలా జరుగుతోందో చూసి నేర్చుకుని రమ్మని ఒక బృందాన్ని పంపుతున్నారు. బృందానికి పెద్ద మా తోడల్లుడే." అక్కడ ఆగి చెమట తుడుచుకున్నాడు. "మాటలు చెప్పడానికి నేనూ వెళ్తున్నా."

నాకు నవ్వు వచ్చింది. నవ్వుతుంటే దగ్గొచ్చింది. దగ్గుతూ నవ్వుతూ ఉంటే దుబాసీ తలొంచుకుని కూర్చున్నాడు. నా పెళ్ళాం నవ్వలేదు.

"ఎప్పుడొస్తారు?"

"ముందు వెళ్ళాలి కదమ్మా. కాగితాలు కదలాలి. వెళ్ళొచ్చాక అందరూ కూర్చుని మాట్లాడుకోవాలి. పైకి పంపాలి. అక్కడ ఒప్పుకుంటే అప్పుడు ఆర్డరు వస్తుంది."

"చెయ్యి విరిగినావిడ ఎలా ఉంది?"

దుబాసీ ఫోను తీసి ఒక ఫోటో చూపించాడు. నీలం డ్రమ్ము పక్కన ఒక లావుపాటి ఆడమనిషి రాడ్డు పట్టుకుని నిలబడి ఉంది. నా పెళ్ళాం ఫోను దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూసింది.

"వీళ్ళ రాడ్డు పొట్టిది. వంగి తిప్పాలి. నడుం పోతుంది ఈ మనిషికి. కాస్త పొడుగుది చేయించుకోమని చెప్పండి వెళ్ళినప్పుడు."

ఫోను తిరిగిచ్చేసి చెప్పులు వేసుకుంది.

"ఎక్కడికే?" అన్నాను.

"రాడ్డు తెచ్చుకోడానికి."

"నీకేమైనా పిచ్చా? ఆఫీసు మనిషి ఉన్నాడు కింద. వెళ్ళి ఇంజనీరు గారికి చాడీలు మోసేస్తాడు."

"మొయ్యనీ. ఇంజనీరు గారికి ఇక్కడే నేర్చుకోమని చెప్పమనండి, విమానం ఖర్చు కలిసొస్తుంది. ఇక మీ దగ్గర పీక్కోడానికి ఉద్యోగం కూడా లేదుగా?"

కొట్లాటైతే ఎవరో ఒకరు ఉండాలని వెనకాలే దిగాను. ఆ రోజు రాడ్డు హెడ్మాస్టరు గారింట్లోనే ఉంది. నా పెళ్ళాం గుమ్మంలో నిలబడి, "పిన్నిగారూ, రాడ్డు తీసుకుపోతున్నా" అంది. అడగడం కాదు, చెప్పడం.

హెడ్మాస్టరు గారి భార్య లోపల్నుంచి రాడ్డు ఈడ్చుకుంటూ వచ్చింది. "తీసుకుపో తల్లీ. పొద్దున లేస్తే మా గుమ్మం ముందు శాపనార్థాలే. ఆయనకి రక్తపోటు పెరిగింది" అంది. ఆ మాట నిజమో, రేపు పొద్దున తలుపు కొట్టించుకోవాల్సిన పని ఇంకొకరి మీదికి తోసేస్తోందో నాకు తెలియలేదు. అంత సులువుగా ఇచ్చేసిందంటే ఏదో ఉందనే అనుకున్నాను.

మర్నాడు నా పెళ్ళాం వాల్వు తెరుస్తుంటే ఆఫీసు మనిషి వచ్చాడు. బోర్డు చూశాడు, రాడ్డు చూశాడు, నన్ను చూశాడు. ఒక బీడీ వెలిగించుకుని అవతలి సందు వైపు వెళ్ళిపోయాడు. ఆఫీసు నుంచి ఎవరైనా వస్తారని నేను కొట్టుకి వెళ్ళకుండా గుమ్మంలోనే కాచుకుని కూర్చున్నాను. ఎవరూ రాలేదు. విమానం ఎక్కేదాకా సందులో రభస లేకుండా చూసుకోవాలని ఇంజనీరు గారే కళ్ళు మూసుకున్నాడని నా ఉద్దేశం. తిరిగొచ్చాక ఏం చేస్తాడో చూడాలి. చివరింటికే రాడ్డు అని ఆర్డరు వచ్చినా, ఆ చివరిల్లు మాది కాదని తేల్చగల మనిషి ఆయన.

ఈ మాటే నా పెళ్ళాంతో అన్నాను. తను కొళాయి ముందు పీట మీద కూర్చుని ఉంది. పైపులో గాలి బుసకొట్టి, దగ్గి, తరవాత సన్నగా ధార మొదలైంది.

"అప్పటి సంగతి అప్పుడు. మీరు ఈ డ్రమ్ము కింద రాయి సరిగా పెట్టండి, ఒరిగిపోతోంది" అంది.